మెజారిటీ వద్దన్నాక ఒక్కడి హక్కు ఎందుకు నిలవాలి? వాదన ఎక్కడ మొదలుపెట్టాలి?

సందేహి (ప్రశ్న)

ప్రజాస్వామ్యం, వ్యక్తి హక్కులు అన్న మాట ఎక్కడ వచ్చినా రెండు వైపుల నుంచి రెండు ప్రశ్నలు వస్తున్నాయి. ఒకటి: "నూటికి తొంభై మంది కావాలన్నదాన్ని పది మంది హక్కు పేరు చెప్పి ఆపేస్తే అదేం ప్రజాస్వామ్యం?" రెండోది దీనికి పూర్తిగా ఎదురు: "అసలు జనానికి ఏం తెలుసు? చదువూ నిజాయితీ ఉన్న సమర్థుడు ఒకడు పాలిస్తే పనులు చకచకా అవుతాయి కదా, ఈ ఓట్ల గొడవంతా ఎందుకు?"

"హక్కులు పుట్టుకతో వస్తాయి", "ప్రజలే ప్రభువులు" అని జవాబు చెబితే ముందే ఒప్పుకున్నవాళ్లు తలూపుతారు, ఒప్పుకోనివాళ్లు కదలరు. ఆ రెండు మాటలూ వాడకుండా, ఎదుటివాళ్లు కాదనలేని చోట మొదలుపెట్టి మెట్టుమెట్టుగా ఎక్కే వాదన కావాలి. జరిగిన సంగతులు, అంకెలు ఉంటే ఇంకా మంచిది.

ఇంకో సందేహం. ప్రతి హక్కుకీ హద్దు ఉంటుందని అందరూ అంటారు. ఆ హద్దు ఎక్కడ గీయాలో తేల్చే పద్ధతి ఏదైనా ఉందా, లేక ఎవరికి తోచినట్టు వాళ్లు గీసుకోవడమేనా?

లెక్కలదారి

రెండో ప్రశ్న ముందు పట్టుకోండి. దానికి జవాబు కుదిరితే మొదటిదానికి సగం దారి పడుతుంది.

"సమర్థుడు" అనగానే చాలామంది వాడు నిజంగా సమర్థుడేనా, రేపు దొంగగా మారడా అని తగువుకి దిగుతారు. ఆ తగువు తెగదు, అక్కడ దిగొద్దు. ఒప్పేసుకోండి. తెలివైనవాడు, మంచివాడు, తనకంటూ చిల్లిగవ్వ దాచుకోడు అనే అనుకుందాం. అప్పుడు ఒక్క మాట అడగండి: తను పెట్టిన పథకం తప్పుదారి పట్టిందని ఆయనకి చెప్పేదెవరు? ఎంత తెలివి ఉన్నా కబురు కింద నుంచే రావాలి. చెడ్డ కబురు మోసుకొచ్చినవాడి ఉద్యోగమో ప్రాణమో పోయే చోట ఆ కబురు బయల్దేరదు.

దీనికి ఇరవయ్యో శతాబ్దంలో అన్నిటికంటే ఘోరమైన ఉదాహరణ చైనా. 1958లో ఉత్పత్తిని ఒక్క దూకుతో పెంచాలన్న "గ్రేట్ లీప్ ఫార్వర్డ్" మొదలయ్యాక కమ్యూన్ల (ఊళ్లని కలిపి పెట్టిన ఉమ్మడి సేద్యాల) నుంచి పంట లెక్కలు ఉబ్బించి పైకి పంపారు. తక్కువ రాసినవాడి మీద అనుమానం పడుతుంది కాబట్టి పక్క కమ్యూన్ కంటే నాలుగు గింజలు ఎక్కువ రాయడమే క్షేమం. ప్రభుత్వం ధాన్యం సేకరించింది ఈ ఉబ్బించిన లెక్క మీద. అంటే పండని పంటలో ప్రభుత్వ వాటా రైతు ఇంట్లో ఉన్న తిండిలోంచి పోయింది. 1959 జులైలో లూషాన్ సమావేశాల్లో రక్షణమంత్రి పెంగ్ దెహువాయ్ ఈ తప్పులు ఎత్తిచూపుతూ పార్టీ అధినేత మావోకి ఉత్తరం రాశారు. వీధికెక్కి అరవలేదు, పత్రికకి ఎక్కలేదు. సొంత పార్టీలో, సొంత నాయకుడికి రాసిన ఉత్తరం అది. ఆయన్ని పదవి నుంచి తీసేసి, "మితవాద అవకాశవాదుల" మీద దేశమంతా వేట మొదలుపెట్టారు. ఇక ఎవడు నోరు విప్పుతాడు? తర్వాతి ఏడాది 1960, ఆ కరువు మొత్తంలో అతి ఎక్కువ మంది చచ్చిపోయిన ఏడాది. మొత్తం చావులు కోట్లలో.

ఇక్కడ పాలకుడి గుణం గురించి ఒక్క ముక్క మాట్లాడక్కర్లేదని గమనించండి. ఆయన స్థానంలో ఋషిని కూర్చోబెట్టినా ఆ తప్పుడు లెక్కలే ఆయన బల్ల మీదికి వస్తాయి.

ఇక "జనానికి ఏం తెలుసు" అన్నదానికి ఒక లెక్క ఉంది. ఫ్రెంచ్ గణితవేత్త కాండోర్సే 1785లో ప్రచురించాడు. అవునా, కాదా అని తేల్చాల్సిన ప్రశ్న, సరైన జవాబు ఒక్కటే. ఒక్కో మనిషి సరిగ్గా చెప్పే అవకాశం 55 శాతం అనుకోండి, బొమ్మాబొరుసు కంటే కాస్త మెరుగు, అంతే. ఒక్కరి మాటే వింటే 55 దగ్గరే ఉంటాం. 101 మంది విడివిడిగా ఆలోచించి ఓటేస్తే మెజారిటీ జవాబు సరైనదయ్యే అవకాశం సుమారు 84 శాతానికి పెరుగుతుంది. 1001 మంది అయితే 99.9 శాతం దాటుతుంది.

ఈ లెక్క చూపించి "జనం ఎప్పుడూ కరెక్టే" అన్నారో, ఎదుటివాడు నిమిషంలో పడగొడతాడు. 55 బదులు 45 వేసి చూడమంటాడు. 101 మంది మెజారిటీ సరిగ్గా ఉండే అవకాశం అప్పుడు 16 శాతానికి జారిపోతుంది. కాబట్టి లెక్క ఏ షరతుల మీద నిలబడిందో మనమే ముందు చెప్పాలి. మొదటి షరతు, మనిషికి నిజం అందుబాటులో ఉండాలి. లేకపోతే ఆ 55 ఉండదు. రెండో షరతు "విడివిడిగా" అన్న మాట. ముగ్గురిని తీసుకోండి, ఒక్కొక్కరిది 60 శాతం. ఎవరికి వాళ్లు ఆలోచిస్తే మెజారిటీ సరిగ్గా ఉండే అవకాశం 64.8 శాతం. రెండోవాడూ మూడోవాడూ మొదటివాడి నోటి వైపు చూసి ఓటేస్తే? మళ్లీ 60. చేతులు మూడు లేచాయి, బుర్ర మాత్రం ఒక్కటే పనిచేసింది. కోటి మందికి ఒకే గొంతు వినిపించే దేశంలో పడే ఓట్లదీ ఇదే పరిస్థితి.

మరి ఆ రెండు షరతులూ నిలవాలంటే ఏం కావాలి? వేరే మాట చెప్పే వీలు, అది వినే వీలు, నలుగురు కలిసి సంఘం పెట్టుకునే వీలు, ఎవడికీ కనపడకుండా ఓటేసే వీలు, చెప్పినందుకు తెల్లారేసరికి జైల్లో ఉండం అన్న భరోసా. హక్కుల జాబితా ఇదే కదండీ. పుట్టుకతో వచ్చాయని ఎక్కడా అనకుండానే అక్కడికి చేరాం.

పాతతీర్పులు

పై జవాబుకి కొనసాగింపుగా మొదటి ప్రశ్న తీసుకుంటాను. "నూటికి తొంభై" అనేవాళ్లని అడగాల్సింది: ఆ తొంభై ఎప్పుడు లెక్కపెట్టారు? లెక్కలోకి ఎవర్ని రానిచ్చారు?

1933 జర్మనీలో తేదీల వరస చూడండి, ఈ వాదనకి అంతకంటే స్పష్టమైనది లేదు. ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే, 28న, ఒక అత్యవసర ఉత్తర్వుతో వైమార్ రాజ్యాంగం (అప్పటి జర్మనీ రాజ్యాంగం) లోని 114, 115, 117, 118, 123, 124, 153 అధికరణలను పక్కనపెట్టారు. వ్యక్తి స్వేచ్ఛ, ఇంట్లోకి పోలీసులు చొరబడకుండా రక్షణ, ఉత్తరాల గోప్యత, భావప్రకటన, సభలు, సంఘాలు, ఆస్తి: ఏడూ ఒక్క కలంపోటుతో పోయాయి. ఎన్నికలు జరిగింది ఆ తర్వాత, మార్చి 5న. ప్రతిపక్షాన్ని ఇంత తొక్కేసినా నాజీ పార్టీకి వచ్చింది 43.9 శాతం. సొంతంగా మెజారిటీ లేదు. మార్చి 23న చట్టాలు చేసే అధికారం మంత్రివర్గానికి రాసిచ్చే చట్టం సభకి వచ్చింది, అది నెగ్గాలంటే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. 81 మంది కమ్యూనిస్టు సభ్యుల్లో ఒక్కరూ సభలో లేరు. సోషల్ డెమోక్రాట్లు 120 మందిలో 94 మందే హాజరు కాగలిగారు. ఫలితం 444కి 94. వ్యతిరేకంగా పడిన 94 ఓట్లూ వాళ్లవే. జులై 14 నాటికి నాజీ పార్టీ తప్ప మరో పార్టీ ఉండకూడదని చట్టం వచ్చింది.

"హిట్లర్ మెజారిటీతోనే కదా గెలిచాడు" అనేవాళ్లకి ఈ వరస చెప్పండి. ముందు హక్కులు పోయాయి, ఆ తర్వాతే మూడింట రెండొంతుల లెక్క కుదిరింది. హక్కులు ఉండగా ఆ లెక్క కుదరలేదు.

ఇందులోంచి వచ్చే సూత్రం చిన్నది. ఇవాళ్టి మెజారిటీ రోడ్డు వేయొచ్చు, పన్ను పెంచొచ్చు, నిన్నటి చట్టాన్ని కొట్టేయొచ్చు. తాను రేపు మైనారిటీ కాగల దారిని మాత్రం మూసేయకూడదు. ఎందుకంటే ఆ దారి మూసేసిన క్షణం నుంచి అది మెజారిటీయో కాదో తెలుసుకునే సాధనమే ఉండదు. 1949 జర్మన్ రాజ్యాంగంలో 79వ అధికరణ మూడో ఖండం దీన్ని నేరుగా రాసుకుంది: మనిషి గౌరవం, ప్రజాస్వామ్య పునాది సూత్రాలు సవరణకి కూడా అందవు. భారత సుప్రీంకోర్టు 1973లో కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం మీద 7-6 తేడాతో చేరిన "మౌలిక స్వరూపం" సిద్ధాంతం (రాజ్యాంగం మూల లక్షణాలని సవరణతో కూడా చెరపకూడదన్నది) కూడా ఈ దారిలోదే.

మరో కోణం ఉంది. "ప్రజలు కోరుకున్నది ఇదీ" అని చెప్పడం అనుకున్నంత తేలిక కాదు. ఉన్న డబ్బుతో బడి, ఆస్పత్రి, వంతెనల్లో ఒక్కటే కట్టగలరు. మూడు సమాన వర్గాలు. మొదటి వర్గానికి బడి, ఆస్పత్రి, వంతెన అదే వరసలో ఇష్టం. రెండోదానికి ఆస్పత్రి, వంతెన, బడి. మూడోదానికి వంతెన, బడి, ఆస్పత్రి. జతలుగా ఓటు పెట్టండి. బడి ఆస్పత్రిని ఓడిస్తుంది, ఆస్పత్రి వంతెనని ఓడిస్తుంది, వంతెన బడిని ఓడిస్తుంది. ప్రతిసారీ మూడింట రెండొంతుల మెజారిటీతోనే. ఏ జత ముందు పెట్టాలో నిర్ణయించేవాడే గెలిచేదాన్నీ నిర్ణయిస్తాడు. ఇదీ కాండోర్సే చూపించిందే. ఓటు పనికిరాదని దీని అర్థం కాదు. ఒక్క ఓటు చూపించి "ఇది జనం గొంతు, ఇక ఎవరూ మాట్లాడొద్దు" అనడానికి ఎవరికీ అర్హత లేదని అర్థం.

సందేహి

ఇద్దరికీ కృతజ్ఞతలు. కానీ ఒక చోట ఆగాను. మీ ఇద్దరి వాదనా "హక్కులు లేకపోతే ప్రజాస్వామ్యం చెడుతుంది" అన్నదాని మీద నిలబడింది. మాట్లాడే హక్కుకి అది సరిపోతుంది. ఒక చిన్న గుంపు తమ పద్ధతిలో ప్రార్థన చేసుకోవడం, ఒకడు తనకి నచ్చిన మనిషిని పెళ్లాడటం, వీటిని తీసేస్తే ఎన్నికలకి వచ్చిన నష్టమేమీ కనపడదు కదా. అప్పుడు వాటిని ఏం చెప్పి కాపాడాలి?

గుమ్మం

సరైన చోట ఆగారు. పై రెండు జవాబులూ నిజమే గానీ అవి సగమే.

"ఎక్కువమందికి మేలు" అనే కూడికని ఒక్కసారి విప్పి చూడండి. పన్ను పీకించుకునేవాడు ఇవాళ నొప్పి పడతాడు, రేపు హాయిగా నములుతాడు. నష్టం తనదే, లాభం తనదే, అందుకే ఆ కూడిక చెల్లుతుంది. ఇప్పుడు తొంభై మంది మనశ్శాంతి కోసం పది మంది ప్రార్థన ఆపేశారు. నష్టపోయినవాడు ఒకడు, లాభపడినవాడు ఇంకొకడు. ఆ రెండూ కలిపి "నికరంగా లాభమే" అని అనుభవించే మనిషి ఎక్కడా లేడు. కాగితం మీద మాత్రమే ఉన్నాడు. వ్యక్తి హక్కుకి నా దృష్టిలో పునాది ఇక్కడ ఉంది: నష్టం ఎప్పుడూ ఒక నిర్దిష్టమైన మనిషి మీద పడుతుంది కాబట్టి, కారణం ఆ మనిషికి ముఖాముఖి చెప్పగలిగేలా ఉండాలి. "నీ పక్కవాడి బావిలోకి విషం వెళ్తోంది, అందుకే నీ కార్ఖానా ఆపుతున్నాం" అని ముఖం మీద చెప్పొచ్చు. అతను ఏడ్చినా కారణం కారణమే. "నువ్వు అలా ఉండటం మాకు నచ్చలేదు" అన్నది అతను ఒప్పుకోగలిగిన కారణం ఏ జన్మకీ కాదు.

పాతతీర్పులు గారు చెప్పకుండా వదిలేసిన కేసుల జత ఇక్కడికి సరిపోతుంది. అమెరికాలో జెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ పిల్లలు జెండాకి వందనం చేయం అన్నారు, తమ మతం ఒప్పదని. 1940లో అక్కడి సుప్రీంకోర్టు 8-1తో బడి పక్షాన తీర్పిచ్చింది. మూడేళ్లకే, 1943 జూన్ 14న, యుద్ధం నడుమన, 6-3తో తన తీర్పుని తానే తిరగరాసింది. భారత సుప్రీంకోర్టు 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో దాదాపు ఇదే ప్రశ్న చూసింది. కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతం వేళ గౌరవంగా లేచి నిలబడ్డారు గానీ పాడలేదు. బడి నుంచి తీసేశారు. తిరిగి చేర్చుకోమని కోర్టు ఆదేశించింది. పాడనందువల్ల ఎవరికి ఏం పోయింది అని అడిగి చూడండి. పాడిన వందల మంది పాట ఒక్క స్వరం తగ్గలేదు. ఆ ముగ్గురికి మాత్రం బడి అయినా పోవాలి, నమ్మకమైనా పోవాలి. రెండు వైపులా తూకం ఎంత తేడాగా ఉందో దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

ఈ వాదన ఎక్కడ చెడుతుందంటే, కోరిన ప్రతిదాన్నీ హక్కు అనడం మొదలుపెట్టినప్పుడు. హక్కు అని మీరు అనగానే ఇంకెవరి మీదో ఒక బాధ్యత పడుతుంది. ఎవరి మీద, ఏం చేయాలని లేదా ఏం చేయకూడదని పడుతుందో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే అది ఇంకా కోరికే.

కొలబద్ద

హద్దు గురించి అడిగారు. ఎవరికి తోచినట్టు వాళ్లది కాదు. చాలా దేశాల కోర్టులు ఇప్పుడు నాలుగు ప్రశ్నలు ఒక వరసలో అడుగుతున్నాయి. జర్మన్ న్యాయశాస్త్రంలో పెరిగిన పద్ధతి. ఆంక్ష పెట్టే ఉద్దేశం సరైనదేనా? ఆ ఆంక్ష నిజంగా ఆ ఉద్దేశాన్ని నెరవేరుస్తుందా? అంతే ఫలితం ఇచ్చి హక్కుని తక్కువ కోసే దారి ఇంకోటి లేదా? చివరికి, వచ్చే మేలు పోయే స్వేచ్ఛకి తగినదేనా?

వరస ముఖ్యం. తూకం వేసే నాలుగో ప్రశ్న ముందు పెడితే "దేశ భద్రత" అన్న మాట ఒక్కటి చాలు, ఏ హక్కైనా తేలిపోతుంది. మోసం ఎక్కువగా మొదటి మెట్టు దగ్గర జరుగుతుంది. ఉద్దేశాన్ని "శాంతిభద్రతలు" అంత వెడల్పుగా రాస్తే దాని కింద ఏదైనా పడుతుంది. ఏ ప్రమాదం, ఎక్కడ, ఎన్నాళ్లు అని రాయించాలి. రుజువు చేసే భారం ఆంక్ష పెట్టేవాడిది, ఆంక్ష భరించేవాడిది కాదు.

కెనడా సుప్రీంకోర్టు 1986లో ఓక్స్ కేసులో దీన్ని ఎలా వాడిందో చూడండి. ఎవడి దగ్గరైనా మాదకద్రవ్యం దొరికితే చాలు, అమ్మడానికే దాచుకున్నాడని అప్పటి చట్టం ముందే అనుకునేది. కాదని నిందితుడే రుజువు చేసుకోవాల్సి వచ్చేది. మాదకద్రవ్యాల వ్యాపారం అరికట్టడం గట్టి ఉద్దేశమేనని కోర్టు ఒప్పుకుంది. మొదటి మెట్టు దాటింది, రెండో మెట్టు దగ్గర పడిపోయింది. చిన్న మోతాదు దొరకడానికీ అమ్మకానికీ తర్కబద్ధమైన సంబంధం లేదు. ఎంత మంచి ఉద్దేశమైనా పనిచేయని సాధనాన్ని కాపాడదు.

ఇంకొక సంగతి చాలామంది వదిలేస్తారు. హక్కు రాసుకోవడం తేలిక, దాన్ని అమలు చేసే యంత్రం లేకపోతే అది కాగితమే. ఆ యంత్రం ఎలా ఉండాలో 1679 నాటి ఇంగ్లండు హెబియస్ కార్పస్ (నిర్బంధించినవాణ్ని కోర్టు ముందుకి తెమ్మనే ఉత్తర్వు) చట్టం చదివితే తెలుస్తుంది. స్వేచ్ఛ గొప్పదనం మీద ఉపన్యాసం కనపడదు, అన్నీ గంటలూ మైళ్లూ జరిమానాలే. ఖైదీ అడిగిన ఆరు గంటల్లో జైలు అధికారి వారెంటు నకలు ఇవ్వాలి. కోర్టు ఉత్తర్వు అందాక 20 మైళ్ల లోపైతే 3 రోజుల్లో ఖైదీని హాజరుపరచాలి, 100 మైళ్ల లోపైతే 10 రోజులు, ఆ పైన 20 రోజులు. తప్పితే మొదటిసారి 100 పౌన్లు, రెండోసారి 200, పదవికి అనర్హత. సెలవుల్లో ఉత్తర్వు ఇవ్వనన్న న్యాయమూర్తికి 500 పౌన్లు. అధికారులు "వారెంటు కనపడట్లేదు", "దూరం ఎక్కువ", "కోర్టుకి సెలవులు" అని తప్పించుకునే ప్రతి కంతకీ ఒక మేకు కొట్టారు. ఇప్పటి ఏ హక్కునైనా ఇలాగే పరీక్షించండి: ఎన్ని గంటల్లో, ఎవరు, చేయకపోతే ఏం పోతుంది?

సందేహి

ఇదంతా కోర్టు మీద ఆధారపడింది కదా. ఎన్నిక కాని న్యాయమూర్తులే చివరి మాట అయితే మళ్లీ "సమర్థుడి పాలన"కే వచ్చినట్టు కాదా? పైగా కోర్టు తప్పు చేస్తే?

పాతతీర్పులు

చేసింది కూడా. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి పెట్టాక నిర్బంధంలో ఉన్నవాళ్లు హెబియస్ కార్పస్ పిటిషన్లు వేస్తే తొమ్మిది హైకోర్టులు విచారించవచ్చన్నాయి. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు ఏడీఎం జబల్‌పూర్ కేసులో 4-1తో ఆ తలుపు మూసేసింది. ఒప్పుకోనిది జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. 1977 జనవరిలో ఆయన్ని కాదని ఆయన కంటే జూనియర్‌ని ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఆ తప్పు దిద్దింది ఎవరు? 1977 మార్చి ఎన్నికల్లో ఓటర్లు ప్రభుత్వాన్ని మార్చారు. కొత్త పార్లమెంటు 1978లో 44వ సవరణ చేసి, 20, 21 అధికరణల (శిక్షల విషయంలో రక్షణ, ప్రాణం, వ్యక్తి స్వేచ్ఛ) రక్షణ కోసం కోర్టుకెళ్లే హక్కుని అత్యవసర పరిస్థితిలో కూడా నిలిపేయడానికి వీల్లేకుండా చేసింది. ఆ తీర్పుని సుప్రీంకోర్టు స్వయంగా కొట్టేయడానికి 2017 దాకా పట్టింది, తొమ్మిదిమంది ధర్మాసనం, గోప్యత హక్కు మీద వచ్చిన పుట్టస్వామి కేసులో.

కాబట్టి చివరి మాట కోర్టుదనీ అనొద్దు, ఓటుదనీ అనొద్దు. 1943లో అమెరికాలో మెజారిటీ తప్పుని కోర్టు దిద్దింది. 1977లో ఇక్కడ కోర్టు తప్పుని ఓటు దిద్దింది. ఒకటి పడిపోయినప్పుడు రెండోది నిలబడి ఉండటమే మనకి కావలసింది. సమర్థుడి పాలనలో ఆ రెండోది ఉండదు.

లెక్కలదారి

వాదనకి దిగేముందు ఒక జాగ్రత్త. నేను చెప్పిన కరువు సంగతిని సాగదీయొద్దు. పనిచేసే ప్రజాస్వామ్యం, స్వేచ్ఛ ఉన్న పత్రికలు ఉన్న చోట పెద్ద కరువు చావులు జరగలేదని ఆర్థికవేత్త అమర్త్య సేన్ గమనించారు. అయితే రోజూ కొంచెం కొంచెంగా తినే ఆకలి విషయంలో ఆ మాట చెల్లదని చెప్పిందీ ఆయనే. కరువు ఒక్కసారిగా కంటికి కనపడుతుంది, పత్రిక మొదటి పేజీకి ఎక్కుతుంది, ప్రభుత్వం ఓడిపోతానని భయపడుతుంది. బక్కచిక్కిన పిల్ల బరువు నెలకి వంద గ్రాములు తగ్గితే అది ఏ పేజీకీ ఎక్కదు. ఎదుటివాళ్లు ఇది అడుగుతారు. దబాయించకుండా ఒప్పుకోండి, ఆ పిల్ల బరువు ప్రతి నెలా రాసి, ఊరందరికీ కనపడేలా గోడ మీద పెట్టమని అడగగలిగేది కూడా సమాచార హక్కు ఉన్న చోటే అని చెప్పండి.